చెక్క అద్దం

జూన్ 2

అక్కా,

నేను బాగున్నాను. నువ్వు బాగున్నావా అని అడగను. విమానం టికెట్టు చేతికొచ్చినప్పటి నుంచి నువ్వు బాగోలేవని నీ ఉత్తరమే చెబుతోంది. నాలుగు పేజీల్లో "భయం" అన్న మాట పదకొండు సార్లు రాశావు. లెక్కపెట్టా. లెక్కపెట్టడమే కదా నా ఉద్యోగం.

"అంత ఇనుము గాల్లోకి ఎలా లేస్తుందిరా?" అని అడిగావు. ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి అడిగావు చూడు, అదీ నీ తెలివి. అయినా పద్దెనిమిదేళ్ళుగా ఈ షెడ్డులో ఇంజన్ల మధ్య తిరుగుతున్నా కాబట్టి విను.

ముందు ఒక పెద్ద ఫ్యాను ఉంటుంది, దాదాపు నీ అంత ఎత్తు. అది గాలిని మింగుతుంది. మింగినదాంట్లో ఎక్కువ భాగం పక్కనుంచే వెనక్కి పోతుంది. మిగతాది లోపలికి పోతుంది. లోపల వరస వెనక వరస చిన్న రెక్కలు. ఒక్కో వరస గాలిని ఇంకాస్త నొక్కుతుంది, నువ్వు ట్రంకు పెట్టెలో బట్టలు కుక్కి మీదెక్కి కూర్చున్నట్టు. నొక్కిన గాలిలో కిరోసిన్ లాంటి నూనె చిమ్మి మండిస్తారు. ఆ వేడిగాలి ఉబ్బిపోయి బయటపడాలి, వెనక తప్ప దారి లేదు. పోతూ పోతూ వెనకున్న చక్రాన్ని తిప్పిపోతుంది. ఆ చక్రం ఒక ఇరుసుతో ముందు ఫ్యానుని తిప్పుతుంది. వెనకది తిరిగితేనే ముందుది మింగుతుంది, ముందుది మింగితేనే వెనకది తిరుగుతుంది. నువ్వూ బావా కాపురం చేస్తున్నట్టే. మొదట తిప్పడానికి మాత్రం బయటివాళ్ళు తొయ్యాలి, మీ పెళ్ళికి మేనత్త తోసినట్టు.

గాలిని వెనక్కి విసిరితే విమానం ముందుకు పోతుంది. అంత వేగంగా పోతే గాలే దాని రెక్కల్ని పైకి లేపుతుంది. ఇంజన్లు రెండు. ఒకటి అలిగినా రెండోది దించుతుంది.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. మెట్లెక్కేటప్పుడు ఆగి ఉన్న ఫ్యాను గాలికి మెల్లగా తిరుగుతూ టక్ టక్ మంటుంది, ఊడిపోయిన కిటికీ రెక్కలాగ. వెనక్కి తిరిగి పారిపోకు. ఆ ఫ్యాను రెక్కలు గాడిలో వదులుగానే ఉంటాయి, కావాలనే అలా పెడతారు. వేగం అందుకుంటే వాటంతటవే బిగుసుకుంటాయి.

ఇక నా ఘనకార్యం. మా షెడ్డులో పనిముట్ల బోర్డు ఉందని చెప్పా కదా. ప్రతి పనిముట్టుకీ దాని ఆకారం ఎర్రరంగుతో గీసి ఉంటుంది. తీసుకున్నవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఆ మేకుకి తగిలించిపోవాలి. సాయంత్రానికి అన్నీ వెనక్కి రావాలి, నేను చూసి సంతకం పెట్టాలి. ఒక్కటి తగ్గినా విమానం కదలదు. అందులో మూడో నంబరు అద్దం ఒకటుంది. పెన్సిలంత కాడ, చివర రూపాయి బిళ్ళంత అద్దం, పళ్ళ డాక్టరు దగ్గరుండేలాంటిది. మా పొడుగు మెకానిక్కు దాంతో ఇంజను చూసేది తక్కువ, మీసం చూసుకునేది ఎక్కువ. మొన్న శనివారం నేను అచ్చం అలాంటిదే చెక్కతో చెక్కి, చాక్లెట్టు రేకు అంటించి మేకుకి తగిలించా. తీరా ఆ మహానుభావుడు ఆ రోజే పది రోజులు సెలవు పెట్టాడు! ఫరవాలేదు, చెక్కది బోర్డు మీద కాచుకుని ఉంది, అసలుది నా సొరుగులో భద్రంగా ఉంది.

అదే రోజు మీ ఊరికొచ్చే చిన్న విమానం ఫ్యానులు తుడవమని నన్ను రెండు ఇంజన్ల మూతుల్లోకీ దూర్చారు, సన్నగా ఉన్నానని. ఆ పాకుడుకి పని కోటు జేబు చిరిగింది. బస్సు డ్రైవరు చేతికి కోటు ఇచ్చి పంపా. కుట్టి పెట్టు. నువ్వు వచ్చేటప్పుడు తెద్దువుగాని.

నీ ఒక్కగానొక్క తలనొప్పి,
తమ్ముడు


జూన్ 8

ఒరేయ్ కోతీ,

నీ ఉత్తరం చదివాక భయం పోలేదు, ఇంకో ఇరవై భయాలు పుట్టాయి. వదులు రెక్కలట, కావాలని పెడతారట! నా మిషనుకి ఒక్క మర వదులైతే సూది ఎగిరి నుదుటికి తగులుతుంది. మనుషుల్ని మోసేదానికి వదులు రెక్కలేంటిరా?

అయినా బస్సులో రాలేను. ఆ కొండ దారిలో రెండు రోజులు వాంతులు తప్పవు, వాంతులైతే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, బస్సు మాట ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎడమ కంట్లో ఇప్పుడు వెలుతురు తప్ప ఏమీ లేదు. కుడి కన్ను గొట్టంలోంచి చూసినట్టుంది. సూదిలో దారం బావ ఎక్కిస్తున్నాడు. మీ ఊరి పెద్ద డాక్టరు ఇరవై ఎనిమిదో తేదీ ఇచ్చాడు. అది దాటితే మళ్ళీ రెండు నెలలకి. అప్పటికి ఆ గొట్టం కూడా మూసుకుపోతుందని ఆయనే అన్నాడు. అందుకని ఇరవై ఏడున చచ్చినట్టు నీ విమానం ఎక్కుతున్నా.

నీ కోటు అందింది. నీ పన్నాగం నాకు తెలిసిపోయింది. కుట్టనూ కుట్టను, ముట్టనూ ముట్టను. పెట్టెలో పడేశా.

ఫోన్ చెయ్యకు. పోలీసునంటూ ఒకసారి, బ్యాంకు మేనేజరునంటూ ఒకసారి, నీళ్ళ పైపులోంచి మాట్లాడుతున్నానంటూ ఒకసారి! నీ గొంతు వింటేనే పెట్టేస్తానని ఎప్పుడో చెప్పా. చెప్పాలనుకున్నది ఉత్తరంలో రాయి.

నిన్ను ఎత్తుకుని పెంచిన పాపానికి,
అక్క


జూన్ 13

అక్కా,

కోటు కుట్టకపోతే మానె. ఆ సంగతి తర్వాత.

పొడుగు మెకానిక్కు నిన్న వచ్చాడు. వస్తూనే మూడో నంబరు అద్దం తీసి మీసం దగ్గర పెట్టుకున్నాడు. రేకులో వాడి మొహం వంకరగా కనబడింది. షెడ్డంతా పొట్ట పట్టుకుని నవ్వింది. వాడూ నవ్వాడు. "సరేరా ముసలి కోతీ, అసలుది ఇటివ్వు" అన్నాడు. సొరుగు తెరిచా.

అక్కా, నువ్వు విమానంలో రావద్దు. పైలట్లు సమ్మె చేస్తారట. ఇరవై నుంచి నెలాఖరు దాకా. నాకు లోపలివాళ్ళు చెప్పారు. వాంతుల మాత్ర వేసుకుని బస్సులో రా, లేదంటే డాక్టరుని బతిమాలి తేదీ జరుపుకో. టికెట్టు చించెయ్.

ఇంజను లోపల ఆ చిన్న రెక్కలు నీ చెంచాల కన్నా పెద్దవేం కావు. నిమిషానికి పది పదిహేను వేల చుట్లు తిరుగుతాయి. అందులోకి చిన్న రాయి పోయినా రెక్క అంచు నొక్కుకుపోతుంది. గాటు చిన్నదే. కానీ గాటు గాటులా ఉండదు, నీ బట్టలో చిరుగు లాగే అది పాకుతుంది. ఎన్ని రోజులకి పాకుతుందో చెప్పలేం. ఇదంతా ఎందుకు రాస్తున్నానో నాకే తెలీదు.

రావద్దు.

తమ్ముడు


జూన్ 17

తమ్ముడూ,

నిన్న టికెట్టు ఆఫీసుకి నడిచి వెళ్ళా. గోడ పట్టుకుని. సమ్మె ఎప్పుడని అడిగితే కౌంటరు అబ్బాయి, పక్కన కూర్చున్న అమ్మాయి కూడా నవ్వారు. "ఎవరు చెప్పారమ్మా?" అంటే ఏం చెప్పను? నా తమ్ముడని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

పొద్దున్న మళ్ళీ ఫోన్ చేశావు. "అక్కా, అక్కా" అని ఏడుపు గొంతు పెట్టావు. భలే చేశావులే. పెట్టేశా.

చూడు, నీ ఆటలన్నీ పడ్డాను. నా పెళ్ళిరోజున చెప్పులు నూతిలో వేశావు, నవ్వాను. బావ టీలో ఉప్పు కలిపావు, ఆయనా నవ్వాడు. కానీ ఇది నా కన్ను. ఉన్న ఒక్కటీ. దీంతో ఆడకు.

నిజంగా ఏదైనా ఉంటే అమ్మ కుట్టు మిషను మీద ఒట్టేసి రాయి. ఎన్ని వెధవ పనులు చేసినా ఆ మిషను మీద నువ్వు ఎప్పుడూ అబద్ధపు ఒట్టు వెయ్యలేదు. ఒట్టు లేకుండా ఉత్తరం వస్తే చదవకుండా పొయ్యిలో పెడతా.

అక్క


జూన్ 20

అక్కా,

అమ్మ కుట్టు మిషను మీద ఒట్టు. దాని చక్రం మీద, దాని పెడలు మీద, అమ్మ కాలి ముద్ర పడిన ఆ చెక్క మీద ఒట్టు.

అసలు అద్దం సొరుగులో లేదు. షెడ్డంతా వెతికా. సొరుగులో పెట్టాననుకున్నా గాని, అక్కా, ఆ శనివారం దాన్ని కోటు జేబులో వేసుకున్నట్టు ఇప్పుడు చెయ్యి గుర్తు చేస్తోంది. ఆ కోటుతోనే రెండు ఇంజన్ల మూతుల్లోకీ పాకా. అక్కడే జేబు చిరిగింది. ఇక చెప్పేదేముంది?

సాయంత్రం లెక్కకి చెక్క అద్దం మేకుకి వేళ్ళాడుతోంది. ఆకారం నిండింది. "అన్నీ ఉన్నాయి" అని సంతకం పెట్టా. ఆ రోజే కాదు, పొడుగాయన వచ్చేదాకా రోజూ పెట్టా. తన చెక్కముక్కని తనే అద్దమని నమ్మినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటా.

అది అప్పుడే మింగుడు పడి వెనకనుంచి ముక్కలై పోయుంటుంది. అదేం పెద్ద భయం కాదు. లోపల ఏ రెక్కకి గాటు పెట్టి పోయిందోనని భయం. ఆ విమానం మీ ఊరికి రోజు మార్చి రోజు వస్తోంది. అది లేచేటప్పుడల్లా షెడ్డు తలుపు దగ్గర నిలబడతా. మామూలుగా అది కేకేస్తుంది. కేక మధ్యలో ఒక్క గరగర వినబడుతుందేమోనని చెవులు రిక్కిస్తా. అది కనుమరుగయ్యేదాకా అక్కడినుంచి కదలను. నిన్న ఒకాయన చంకలో పసిదాన్ని పెట్టుకుని మెట్లెక్కుతుంటే, ఆ పిల్ల నాకేసి చెయ్యి ఊపింది. నేను తలుపు వెనక్కి తప్పుకున్నా.

పొడుగాయనకి "ఇంట్లో ఉంది, తెస్తా" అని చెప్పా, నమ్మి లెక్కకి అడ్డు చెప్పలేదు. ఎనిమిది రోజులైంది. తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నా. పెద్దసారు గది తలుపు దాకా మూడుసార్లు వెళ్ళా. మూడుసార్లూ "సార్, టీ పంపమంటారా?" అని వచ్చేశా. ఉద్యోగం పోతుంది, జైలో ఏదో అంటారు. అదీ కాదు. ఇన్నాళ్ళూ నేను చేసినదానికి ఎదుటివాళ్ళు నవ్వేవాళ్ళు. దీనికి ఎవరూ నవ్వరు.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి నాలుగోసారి వెళ్తా. వెళ్ళానో లేదో నీకు తెలిసే దారి లేదు. అందుకని ఎక్కకు.

నీ తమ్ముడు


జూన్ 24
(ఇది పోస్టు చెయ్యను. నీ చేతిలో పెడతా, లేదంటే మొహాన కొడతా.)

నీ ఒట్టు ఉత్తరం అందింది. కోటు జేబు అన్న మాట దగ్గర ఆగిపోయా.

నీ కోటు ఎందుకు ముట్టలేదో చెప్పనా? పోయినసారి కుట్టమని పంపిన చొక్కా జేబులో రబ్బరు బల్లి పెట్టావు. ఈసారి కోటు అందగానే తడిమితే కింద అంచులో ఏదో గట్టిగా తగిలింది. ఇంకో బల్లి, లేకపోతే తేలు అనుకున్నా. అలాగే పెట్టెలో పడేశా. ఇవాళ బావని పిలిచి తీయించా. జేబు చిరుగులోంచి లోగుడ్డలోకి జారి, అంచు దగ్గర పడుకుని ఉంది. పెన్సిలంత కాడ, రూపాయంత అద్దం. కాడ మీద 3 అని చెక్కి ఉంది.

అంటే ఏంటి? అద్దం నాకు పంపి, పోయిందని ఏడ్చి, అమ్మ మిషను మీద ఒట్టేసి, నన్ను భయపెట్టి చంపి, చివరికి "చూశావా, నీ దగ్గరే ఉంది" అని పగలబడి నవ్వుదామనా? అమ్మని కూడా వదల్లేదు కదరా.

వెంటనే మీ షెడ్డుకి ఫోన్ చేశా. ఎవరో బొంగురు గొంతు. "ఆయన ఇప్పుడు రాలేరమ్మా, మేం ఇంజన్లు విప్పి ఉన్నాం" అంది. నువ్వు గొంతు మార్చడం నాకు కొత్తా? "విప్పు, విప్పు! నీ మూడో నంబరు అద్దం నా చేతిలో ఉంది. ఇరవై ఏడున వచ్చి నీ వీపు మీదే పగలగొడతా, గాడిదా! అమ్మ పేరు ఎత్తడానికి సిగ్గు లేదూ?" అని అరిచి పెట్టేశా.

కోటు కూడా కుట్టా, కోపంతో. జేబులన్నిటికీ మూతి కుట్టేశా. ఇక నీకు జేబులు లేవు.

జూన్ 27, విమానంలో.

అక్షరాలు పెద్దగా వస్తున్నాయి, గీత మీద నిలబడటం లేదు.

కోపంతోనే వచ్చా, భయం గుర్తే లేదు. మెట్ల దగ్గర టక్ టక్ మంది. నువ్వు చెప్పినట్టే. "వాగుతూనే ఉండు" అని దాన్ని కూడా తిట్టి ఎక్కా.

కూర్చున్నాక పక్క సీటాయన గొణుగుతున్నాడు. ఈ విమానం నాలుగు రోజులు ఆపేశారట, ఆయన పని చెడిందట. ఎందుకాపారని అడిగా. నీళ్ళిచ్చే అమ్మాయి వంగి చెప్పింది: "షెడ్డులో ఒకాయన పనిముట్టు పోయిందని తనంతట తనే ఒప్పుకున్నారండీ. రెండు ఇంజన్లూ విప్పి రెక్క రెక్కా చూశారు. ఇప్పుడంతా బాగుంది, భయపడకండి."

అప్పుడు భయం వేసింది. బెల్టు పెట్టుకున్నాక, తలుపు మూశాక.

నువ్వు నిజమే రాశావు. నేను నమ్మలేదు. అద్దం ఇంజనులో లేదని ఈ విమానంలో నా ఒక్కదానికే తెలుసు, అయినా భయపడుతున్నదీ నేనే. అది నా సంచిలో ఉంది, రుమాల్లో చుట్టి. ఇప్పుడే చప్పుడు సగానికి తగ్గింది. ఆగిపోయిందా? ఎవరూ అరవడం లేదు. పక్కాయన పేపరు తిప్పాడు. పైకి లేచాక తగ్గిస్తారేమో. ఇది నువ్వు రాయలేదురా. ఇన్ని రాసి ఇది రాయలేదు.

దిగాక నువ్వు అక్కడ ఉండు. ఏ గొంతు పెట్టినా ఫరవాలేదు.


జూన్ 29

అక్కా,

దీన్ని నర్సమ్మ చదివి వినిపిస్తుంది. నర్సమ్మా, మెల్లగా చదవండి, నవ్వించే చోట్లు దాటేయండి. నిన్న ఆపరేషను అవగానే నిన్ను నవ్వించానని, నవ్వితే కంటికి మంచిది కాదని నన్ను వార్డులోంచి గెంటేశారు. ఉత్తరమైతే ఒప్పుకున్నారు.

విమానం దిగగానే నువ్వు నా చేతిలో పెట్టిన కాగితాలు చదివా. పైకి లేచాక చప్పుడు తగ్గిస్తారు, అంత తోపుడు ఇక అక్కర్లేదు కాబట్టి. రాయడం మర్చిపోయా. తప్పు నాదే.

నీకు ఉత్తరం వేశాక రెండు రోజులు తటపటాయించి, ఇరవై రెండున నాలుగోసారి వెళ్ళా. "సార్, టీ" అని మొదలుపెట్టి టీ దగ్గరే ఏడ్చేశా. పెద్దసారు మొత్తం విన్నాడు. ఫోనెత్తి విమానం ఆపించాడు. పాములాంటి సన్న గొట్టం, చివర చిన్న కెమెరా. దాన్ని ఇంజనులోకి దూర్చి, చేత్తో చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ, వరస వరసకీ రెక్క రెక్కా చూశారు. పొడుగాయన తెర ముందు కూర్చుని ప్రతి రెక్కకీ "బాగుంది" అన్నాడు. నేను వెనక నిలబడి విన్నా. ఒక్కో "బాగుంది"కి ముందు వాడు ఊపిరి తీసుకునేవాడు. ఆ ఊపిరి దగ్గర నేను చచ్చి బతికేవాణ్ణి. రెండు ఇంజన్లకీ.

నువ్వు ఫోన్లో తిట్టింది నన్ను కాదు, మా పెద్దసారుని. ఫోను పెట్టి ఆయన నాతో అన్న మాటలు ఇవి: "మీ అక్క గారట. అద్దం ఆవిడ దగ్గర ఉందట. నన్ను గాడిదా అన్నారు." పొడుగాయన బల్ల కిందికి దూరి నవ్వాడు. నేను మాత్రం అక్కడే కూలబడ్డా. పెద్దసారు నవ్వలేదు. "ఫోన్లో వినబడిన గొంతుని నమ్మి ఇంజను మూయను. మిగతా రెక్కలు చూడండి" అన్నాడు. చూశారు.

ఉద్యోగం ఉంది. బోర్డు లేదు. "వచ్చి చెప్పావు కాబట్టి ఉంచుతున్నా, చేశావు కాబట్టి తీసేస్తున్నా" అన్నాడు. ఇప్పుడు తెల్లారగానే విమానాలు నిలబడే చోటంతా తల దించుకుని నడవాలి. రాయి, మేకు, సీల, ఏది కనబడినా ఏరి డబ్బాలో వెయ్యాలి, ఇంజను మింగకుండా. నిన్న ఒక చొక్కా గుండీ దొరికింది. దాన్ని రెండుసార్లు తిప్పి చూసి డబ్బాలో వేశా. నవ్వు రావడం లేదక్కా, ఈ పనిలో. మంచిదేనేమో.

నువ్వు తెచ్చిన మూడో నంబరు తన మేకు మీద ఉంది. చెక్కదాన్ని పెద్దసారు తన బల్ల మీద పెట్టుకున్నాడు. ఎవరైనా లెక్క సరిపోయిందని కాగితం తెస్తే ముందు దాన్ని చూపిస్తాడు. జేబుల్లేని కోటు వేసుకున్నా. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు.

రేపు పదింటికి కట్టు విప్పుతారట. డాక్టరు ఏమీ తేల్చి చెప్పడం లేదు, చూద్దాం అంటున్నాడు. గుమ్మం దగ్గర నిలబడనిస్తామన్నారు. నోరు మూసుకుని, చేతులు కట్టుకుని నిలబడతా.

ఒక్కటే అడుగుతా అక్కా. నీకు నా మీద ఎన్ని బాకీలున్నాయో నాకు తెలుసు. చెప్పులు, బల్లి, నీళ్ళ పైపు, అన్నీ. ఎప్పుడైనా తీర్చుకో. కానీ రేపు కట్టు విప్పాక నాకేసి చూసి, "ఎవరు నువ్వు?" అని మాత్రం అనకు.

ఆటకైనా అనకు.

గుమ్మం దగ్గర,
నీ తమ్ముడు